సర్టిఫికెట్టు మీద దిద్దిన ఒక్క మాట

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. అవును, మన్‌నే. ఐటీఐలో రెండేళ్ళు చదివితే నా చేతికొచ్చిన సర్టిఫికెట్టు మీద ట్రేడు పేరు అదే. ఇప్పుడు చేరుతున్న ఆడపిల్లలకూ అదే పేరు. దేవరకొండ దగ్గరి పల్లె నుంచి నల్గొండకొచ్చి, టీ స్క్వేరూ సెట్ స్క్వేర్లూ చంకన పెట్టుకుని క్లాసుకు పోతుంటే, మా ఓనరమ్మ నేనేదో కుట్టుపని నేర్చుకుంటున్నానని చాలా రోజులు అనుకుంది.

తర్వాత ఒక ప్లాన్ల ఆఫీసులో కుదిరాను. ట్రేసింగ్ పేపరు మీద ఇంకుతో గీతలు గీయడం, తప్పు పోతే కాగితం చిరగకుండా బ్లేడుతో గీకడం, అమ్మోనియా వాసనలో ప్రింట్లు తీయడం. ఆపైన కంప్యూటరొచ్చింది, ఆటోక్యాడ్ నేర్చుకున్నాను. పదకొండేళ్ళు చేశాక చూస్తే, నేను పని నేర్పిన కుర్రాడికి రెండో ఏడాదికే నాకంటే జీతం ఎక్కువ. ఇదేందని అడిగితే అతను సైటుకు పోతాడు, నువ్వు పోవు కదా అన్నారు. నన్నూ పంపండని అడిగితే ఆడమనిషివి, ఎండలో నీకెందుకమ్మా అని నవ్వారు. పోనీయరు, పోలేదని జీతమియ్యరు!

ఆ ఉక్రోషంలో ఉన్నప్పుడే అయ్యలసోమయాజుల లలిత గురించి చదివాను. మన దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు, మన తెలుగావిడ. పేరు ఎప్పుడో విన్నాను గానీ ఆమె కూడా నాలాగే డ్రాయింగు బల్ల దగ్గర బతుకు వెళ్ళదీసిందని అప్పటిదాకా తెలియదు.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టింది. ఏడుగురు పిల్లల్లో ఐదోది. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఇంట్లో మగపిల్లలు ఇంజనీర్లయ్యారు. ఆడపిల్లకు మాత్రం పదిహేనో ఏట, 1934లో, పెళ్ళి చేశారు. అంత చదువుకున్న ఇంట్లోనూ అంతే! పెళ్ళయ్యాక ఎస్సెస్సెల్సీ మాత్రం పూర్తి చేసింది. 1937లో కూతురు పుట్టింది. పాప నాలుగు నెలల పిల్లగా ఉండగానే భర్త పోయాడు. అప్పటికి లలితకు పద్దెనిమిదేళ్ళు.

ఆ రోజుల్లో ఆ వయసు వితంతువుకు ఏముండేదో మన అమ్మమ్మలు చూసినవాళ్ళే. వంటింటి మూల, తెల్లచీర, ఎవరింట్లో శుభకార్యమైనా కనపడకుండా ఉండటం. లలిత పుట్టింటికొచ్చింది. చదువుకుంటానంది. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ ఫస్టు క్లాసులో పాసైంది. అప్పట్లో ఆడపిల్ల పెద్ద చదువంటే డాక్టరే. ఆమె ఆ దారి వద్దనుకుంది. వేళాపాళా లేకుండా ఆస్పత్రికి పరుగెత్తే ఉద్యోగమైతే పసిబిడ్డ సంగతేంటని. లెక్క వేసుకుని ఇంజనీరింగ్ ఎంచుకుంది. దీన్ని తండ్రిని చూసి పుట్టిన కోరిక అని రాసేస్తుంటారు. నాకైతే బిడ్డనూ ఉద్యోగాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్న తల్లి లెక్కే ఎక్కువ కనపడుతుంది.

గిండీలో అంతవరకు ఆడపిల్ల లేదు. తండ్రి ప్రిన్సిపాల్ చాకో గారితో మాట్లాడి, పై అధికారుల అనుమతి తెచ్చి 1940లో సీటు ఇప్పించాడు. బిడ్డను ఇంటివాళ్ళ చేతుల్లో పెట్టి హాస్టల్లో ఉంది. వందల మంది మగపిల్లల మధ్య ఒక్కతే. చదువుకు బెదరలేదు గానీ ఆ ఒంటరితనం మాత్రం ఆమెను బాధించింది. అది చూసి తండ్రి ఆడపిల్లలకు ప్రవేశం ఉందని ప్రకటన వేయిస్తే, లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరారు. వాళ్ళు ఒక ఏడాది వెనక. కానీ యుద్ధం వల్ల చదువు త్వరగా ముగించడంతో ముగ్గురూ 1943లోనే బయటికొచ్చారు.

డిగ్రీ కాగితం మీద మగవాడికి రాసే మాటే అచ్చయి ఉంది. ఇంకో రకం కాగితం కాలేజీలో లేదు. ఆ మాట కొట్టేసి, పైన ఆడమనిషికి రాసే మాట చేత్తో రాసి ఇచ్చారట. ఇది చదివినప్పుడు నా ఐటీఐ సర్టిఫికెట్టు పెట్టెలోంచి తీసి ఒకసారి చూసుకున్నాను.

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది శిక్షణ అయ్యాక, 1944లో సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేరింది. అసిస్టెంటంటే కింది మెట్టే. మనలో చాలామంది ఆ మెట్టు మీదే కూర్చుండిపోతాం. ఆమె ఉద్యోగం చేస్తూనే లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పెట్టే పరీక్ష రాసి పాసైంది. ఆ తర్వాత తండ్రి పరిశోధనల్లో కొన్నాళ్ళు సాయం చేసింది. కానీ అక్కడ ఆదాయం నిలకడ లేదు. కూతుర్ని పెంచుకోవాలి. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరింది. అక్కడ తోబుట్టువు కుటుంబం ఉండటంతో బిడ్డకూ నీడ దొరికింది.

అక్కడ ఆమె పని డిజైను. కరెంటు పెద్ద లైన్లు ఎలా పోవాలి, సబ్‌స్టేషన్‌లో ఏది ఎక్కడ నిలబెట్టాలి, ఒక తీగకూ ఇంకో తీగకూ ఎంత ఎడం ఉండాలి, పిడుగు పడితే ఏ మీట తనంతట తను పడిపోయి మిగతాదాన్ని కాపాడాలి. మా దేవరకొండ గుట్టల్లో ఉరిమితే కరెంటు పోతుందని తిట్టుకుంటాం చూడండీ, అలా పోవడం వెనక ఇలాంటి డిజైనరు ఆలోచన ఉంటుంది. భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పని కూడా ఆమె చేతి మీదుగా జరిగింది. ఆ దినాల్లోనే, 1955లో, ఇక్కడ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. మా అమ్మమ్మ ఆ డ్యాముకు నెత్తిన రాళ్ళు మోసింది.

వితంతువు కాబట్టి లలిత సైట్ల వెంట తిరగలేదు. ఆఫీసులోనే కూర్చుని డిజైన్లు చేసింది. ఆ ముక్క దగ్గర నేను ఆగిపోయాను. సైటుకు పోని మనిషిని ఆ సంస్థ వాళ్ళు 1953లో అసోసియేట్ సభ్యురాల్ని, 1966లో పూర్తి సభ్యురాల్ని చేశారు. 1964లో న్యూయార్కులో ప్రపంచ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి సమావేశానికీ వెళ్ళింది. కట్టూబొట్టూ మార్చుకోకుండా చీరలోనే.

తోటి విద్యార్థిని త్రేసియా సర్కారు నౌకరీలో మెట్టు మెట్టూ ఎక్కి 1971లో కేరళలో చీఫ్ ఇంజనీరైంది. లలితది కంపెనీ కొలువు, అంత పెద్ద కుర్చీ రాలేదు. అయినా ముప్ఫై ఏళ్ళ దగ్గరదాకా ఒక్క చోటే నిలబడి, తన సంపాదనతో కూతుర్ని చదివించి పెళ్ళి చేసింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1977లో రిటైరైంది. ఆడా మగా ఒకే పనికి ఒకే జీతం అనే చట్టం మన దేశంలో వచ్చింది 1976లో. అంటే ఆమె కొలువు ఆఖరి ఏడాదికి! విశ్రాంతి రెండేళ్ళే దక్కింది. 1979 అక్టోబరు 12న, అరవయ్యో ఏట, పోయింది.

ఇది చదివాక నేను ఆఫీసు మానేశానని అనుకునేరు. మానలేదు, ఇల్లు గడవాలి కదా. కానీ ఒకటి గమనించాను. గీసేవాళ్ళకు ఒక జీతం, ఏం గీయాలో తేల్చేవాళ్ళకు ఇంకో జీతం. ఈ మెట్టు నుంచి ఆ మెట్టుకు ఆమె పరీక్ష రాసే వెళ్ళింది. మనకూ దారుంది. ఐటీఐ వాళ్ళు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. నా కాలంలో ఇవన్నీ చెప్పినవాళ్ళు లేరు.

మా చెల్లెలి బిడ్డ మహబూబ్‌నగర్‌లో ఐటీఐ ముగించింది. ఏదో ఆఫీసులో ప్లాన్లు గీస్తానంటే, ముందు పరీక్ష రాయమన్నాను. అప్లికేషన్ నింపేటప్పుడు ట్రేడు పేరు దగ్గర ఆగి నా మొహం చూసి నవ్వింది. అక్కడ ఎట్లుంటే అట్లే రాయమన్నాను. ఫీజు నేనే కట్టాను.