ప్రపంచానికి టోపీ పెట్టాడు.. కానీ ఎవరినీ మోసం చేయలేదు! టీబీతో ఊరొదిలిన కుర్రాడు స్టెట్సన్ ‘హ్యాట్ కింగ్’ ఎలా అయ్యాడు?

మన దగ్గర ఎవరైనా టోపీ పెట్టాడంటే మోసం చేశాడనే అర్థం. కానీ 160 ఏళ్ల కిందట అమెరికాలో ఓ వ్యక్తి నిజంగానే లక్షల మందికి టోపీలు పెట్టాడు. డబ్బులిచ్చి కొన్నవాళ్లు ఏళ్ల తరబడి ఆ టోపీని వదల్లేదు. ఎండకు గొడుగులా, వానకు కప్పులా, అవసరమైతే గుర్రానికి నీళ్లు పట్టే గిన్నెలా వాడుకున్నారు. ఆయన పేరే జాన్ బ్యాటర్సన్ స్టెట్సన్. కౌబాయ్ అనగానే మన కళ్ల ముందు కనిపించే ఆ పెద్ద అంచు టోపీకి మూలపురుషుడు. ఎక్కువ కాలం బతకడని డాక్టర్లు చేతులెత్తేసిన ఆ కుర్రాడు ఇంత పెద్ద సామ్రాజ్యాన్ని ఎలా కట్టాడు? ఆ కథేంటో చూద్దాం..

పుట్టిందే టోపీల ఇంట్లో..

1830 మే 5న న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ అనే ఊళ్లో స్టెట్సన్ పుట్టారు. తండ్రి స్టీఫెన్ టోపీలు చేసే పనివాడు. ఇంట్లో 12 మంది పిల్లలు. అంత పెద్ద సంసారంలో చదువు కంటే ముందు పనే వచ్చి పడింది. చిన్న వయసులోనే తండ్రి దగ్గర టోపీల పని నేర్చుకున్నారు. బొచ్చును ఎలా శుభ్రం చేయాలి, ఎలా పరవాలి, వేడి నీళ్లలో ఎలా కుదించాలి.. అన్నీ చేతికి వచ్చేశాయి.

కానీ ఆ పని అప్పట్లో అంత తేలికైంది కాదు. షెడ్డులో రోజంతా ఆవిరి, తడి.. గాల్లో తేలే సన్నటి బొచ్చు. యవ్వనంలోనే స్టెట్సన్‌కు క్షయ సోకింది. అప్పటికి దానికి మందు లేదు. టీబీ సూక్ష్మజీవిని కనిపెట్టిందే 1882లో. ఇక ఎన్నాళ్లో బతకడని డాక్టర్లు తేల్చేశారు. చేతిలో పని ఉంది, కానీ ఆ పని చేసేందుకు ఊపిరి లేదు. ఇంట్లో కూర్చుని రోజులు లెక్కపెట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. పోయేలోపు పడమటి అమెరికాను ఒక్కసారి చూడాలనుకుని బయల్దేరారు.

ఇటుకల బట్టీ వరదపాలు..

మొదట మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్ పట్టణానికి చేరారు. అక్కడ ఇటుకల బట్టీలో పనికి కుదిరి, కొన్నాళ్లకు దాంట్లో భాగస్వామి కూడా అయ్యారట. ఇక నిలదొక్కుకున్నట్టే అనుకునేలోపు మిస్సోరీ నదికి వరదొచ్చింది. బట్టీ కొట్టుకుపోయింది. చేసేది లేక, బంగారం దొరుకుతుందని వేల మంది పరుగులు తీస్తున్న కొలరాడోలోని పైక్స్ పీక్ వైపు ఓ గుంపుతో కలిసి కాలినడకన బయల్దేరారు.

ఆ దారిలో జరిగిందని చెప్పుకునే ఓ కథ ఆ తర్వాత స్టెట్సన్ కంపెనీకి పురాణంలా మారిపోయింది. రాత్రిళ్లు వాన, చలి. వేటాడిన జంతువుల పచ్చి తోళ్లను కుట్టి గుడారంగా వేసుకుంటే వాసన భరించలేకపోయేవారు. అప్పుడు స్టెట్సన్ నేయకుండానే గుడ్డ చేసి చూపిస్తానన్నారు. తోటివాళ్లు నమ్మలేదు. ఆయన తోళ్ల మీది బొచ్చు గొరిగి, నీళ్లు చల్లుతూ, పొరలుగా పరిచి, చలిమంట మీద కాగిన నీళ్లలో ముంచి తీస్తూ నలిపారు. చూస్తుండగానే మెత్తటి దుప్పటి తయారైంది. అదే ఫెల్ట్.

మగ్గం లేకుండా గుడ్డ ఎలా వచ్చింది?

ఇందులో మంత్రమేమీ లేదు. ప్రతి వెంట్రుక మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడి, తడి, ఒత్తిడి మూడూ కలిసి పడితే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నలిపే కొద్దీ ముడి బిగుసుకుంటుంది. అందుకే టోపీ కోసం మొదట చేసే బొచ్చు కోన్ అసలు టోపీ కంటే రెండు మూడు రెట్లు పెద్దగా ఉంటుంది. వేడి నీళ్లలో పదేపదే ముంచి, నలిపితే అది తల సైజుకు దిగుతుంది. బొచ్చు ఎంత నాణ్యంగా ఉంటే ఫెల్ట్ అంత దట్టంగా, పలచగా, వాన నీళ్లు లోపలికి రానంతగా తయారవుతుంది. ఈ లెక్కలో అన్నిటికంటే పై మెట్టు నీళ్లలో బతికే బీవర్ అనే జంతువు బొచ్చుది. ఆ తర్వాతే కుందేలు బొచ్చు.

ఆ ప్రయాణంలోనే స్టెట్సన్ సరదాకు తన కోసం ఓ పెద్ద అంచు టోపీ కూడా చేసుకున్నారట. మొదట అందరూ నవ్వారు. కానీ ఎండకు, వానకు అది బాగా పనికొచ్చింది. గుర్రం మీద వెళ్తున్న ఓ వ్యక్తి ఆగి, 5 డాలర్ల బంగారు నాణెం ఇచ్చి ఆ టోపీని కొనుక్కెళ్లాడని చెబుతారు. కథలో ఎంత నిజమో ఎలా ఉన్నా, ఒక సంగతి మాత్రం స్టెట్సన్‌కు అర్థమైంది. పడమటి ప్రాంతంలో ఎండలో, వానలో, దుమ్ములో బతికే జనానికి సరైన టోపీయే లేదు. ఎవరికి ఏది దొరికితే అది పెట్టుకుంటున్నారు. కొందరైతే రక్కూన్ తోలు టోపీలతో.. వేసవిలో చెమట, వానొస్తే కంపు.

బంగారం దొరకలేదు. కానీ మరొకటి దొరికింది. అక్కడి పొడి గాలికో, ఆరుబయట బతుక్కో.. ఎక్కువ రోజులు ఉండడన్న మనిషి కాస్త కోలుకున్నాడు.

చేతిలో 100 డాలర్లు..

సీన్ కట్ చేస్తే 1865. ఊరు ఫిలడెల్ఫియా. స్టెట్సన్ వయసు 35. చేతిలో ఉన్నది 100 డాలర్లు. చిన్న గది అద్దెకు తీసుకున్నారు. పనిముట్లు కొన్నారు. 10 డాలర్ల బొచ్చు తెచ్చుకున్నారు. కంపెనీకి తన పేరే పెట్టుకున్నారు.

మొదట్లో నగరంలో నడుస్తున్న ఫ్యాషన్ టోపీలే చేశారు. అలాంటివి చేసే పెద్ద దుకాణాలు ఫిలడెల్ఫియాలో అప్పటికే బోలెడు. ఆ పోటీలో కొత్తవాడికి చోటు దొరకలేదు. అప్పుడు తాను నడిచొచ్చిన పడమటి దారి గుర్తొచ్చింది. నగరం కోసం కాకుండా, ఎండలో పశువులు తోలే మనిషి కోసం టోపీ చేయాలనుకున్నారు.

అలా పుట్టిందే ‘బాస్ ఆఫ్ ది ప్లెయిన్స్’. దాదాపు 4 అంగుళాల ఎత్తు క్రౌన్, 4 అంగుళాల అంచు. లోపల చెమట పీల్చే పట్టీ. అలంకారాలేమీ లేవు. శాంపిల్ టోపీలను పడమటి ప్రాంతంలోని వ్యాపారులకు పంపి, కనీసం డజను ఆర్డర్ ఇవ్వమని కోరారు. ఉన్న డబ్బంతా ఆ శాంపిల్స్ మీదే పెట్టారు. ఎదురు తిరిగితే మళ్లీ రోడ్డు మీద పడాల్సిందే. ఆర్డర్లు రావడం మొదలైంది.. ఇక ఆగలేదు.

ధర? మామూలు రకం 5 డాలర్లు. మేలు రకం బీవర్ అయితే 30 డాలర్ల దాకా. నెలంతా పశువులు తోలితే ఓ కౌబాయ్‌కి వచ్చే కూలి దాదాపు అంతే! అయినా కొన్నారు. ఎందుకంటే ఏడాదికో చవక టోపీ పారేయడం కంటే ఏళ్ల పాటు మన్నే ఒక్క టోపీ మేలని వాళ్లకు తెలుసు. లోపలి పట్టీ మీద బంగారు రంగులో అచ్చు వేసిన స్టెట్సన్ పేరే గ్యారెంటీ కార్డు అయింది. కొన్నాళ్లకు జనం టోపీ అనడమే మానేసి ‘స్టెట్సన్’ అనడం మొదలుపెట్టారు.

టోపీ ఒక్కటే.. రూపాలు వంద!

ఇక్కడే అసలు ట్విస్ట్. ఇప్పుడు సినిమాల్లో కనిపించే సొట్టలు, వంపులు స్టెట్సన్ చేసిన తొలి టోపీకి లేవు. క్రౌన్ గుండ్రంగా, అంచు చదునుగా ఉండేది. మిగతా డిజైనంతా కొన్నవాళ్లదే. ఒకడు పైన చేత్తో పట్టుకుని తీసి తీసి సొట్ట పెట్టుకున్నాడు. ఇంకొకడు గాలికి ఎగిరిపోకుండా అంచును పక్కలకు మడిచాడు. ఇంకొందరు నాలుగు వైపులా నొక్కి శిఖరంలా చేసుకున్నారు. కెనడా పోలీసు దళం మౌంటీల టోపీ మీద కనిపించేది ఆ నాలుగు నొక్కుల రూపమే. టోపీ నొక్కు చూసి ఆ మనిషి ఏ ప్రాంతం వాడో చెప్పేయొచ్చనేవారు.

ఫెల్ట్‌కు ఆ వెసులుబాటు ఉంది. ఆవిరి తగిలితే మెత్తబడుతుంది. చల్లారితే ఆ రూపంలోనే నిలబడుతుంది. నచ్చకపోతే మళ్లీ ఆవిరి పట్టి మార్చుకోవచ్చు. బఫెలో బిల్ నుంచి ఆనీ ఓక్లీ దాకా నాటి స్టార్లంతా తమ స్టెట్సన్‌ను తమకు నచ్చినట్టు పెట్టుకున్నారు.

ఫ్యాక్టరీ పక్కనే ఆసుపత్రి

1886 నాటికి స్టెట్సన్ కంపెనీ ప్రపంచంలోనే అతి పెద్ద టోపీల తయారీ సంస్థ. 1906 నాటికి ఏడాదికి దాదాపు 20 లక్షల టోపీలు. వేల మంది కార్మికులు. టోపీల షెడ్డులో ఊపిరితిత్తులు పోగొట్టుకున్న మనిషి తన ఫ్యాక్టరీ దగ్గర ఆసుపత్రి కట్టించారు. కార్మికులకు ఇళ్ల రుణాలిచ్చే సంఘం పెట్టించారు. క్రిస్మస్ వస్తే బోనస్‌లు, కానుకలు. అయితే ఇదంతా యూనియన్లు లోపలికి రాకుండా చూసుకునే ఉపాయం కూడా అనే విమర్శ ఉంది. రెండూ నిజం కావచ్చు.

ఈ కథలో ఇంకో చీకటి కోణం ఉంది. బొచ్చు త్వరగా ముడిపడేందుకు ఆ పరిశ్రమలో పాదరసం కలిసిన ద్రావణం వాడేవారు. ఆ ఆవిరి పీల్చిన కార్మికులకు చేతులు వణికేవి, మతి చలించేది. స్టెట్సన్ కంపెనీ పుట్టిన 1865లోనే వచ్చిన ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’లో తిక్క టోపీలవాడు కనిపిస్తాడు. పుస్తకంలో అది నవ్వు.. షెడ్డుల్లో మాత్రం రోగం. అమెరికా టోపీల పరిశ్రమలో పాదరసం వాడకం ఆగింది 1941లో. ఎన్ని ఆసుపత్రులు కట్టినా, పని పద్ధతి మారేదాకా ఆ ముప్పు పోలేదు.

స్టెట్సన్ తన సంపాదనలో పెద్ద మొత్తాన్ని చదువులకు, దానాలకు ఇచ్చారు. ఫ్లోరిడాలోని డీల్యాండ్‌లో ఓ విద్యాసంస్థను ఆదుకుంటే, 1889లో దానికి ఆయన పేరే పెట్టారు. అదే నేటి స్టెట్సన్ యూనివర్సిటీ. ఫ్లోరిడాలో తొలి లా కాలేజీ కూడా ఆ యూనివర్సిటీదే. సొంత చదువు షెడ్డులో ఆగిపోయిన మనిషి పేరు మీద ఇప్పటికీ డిగ్రీలు ఇస్తున్నారు. 1906 ఫిబ్రవరి 18న డీల్యాండ్‌లోని సొంత ఇంట్లో ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు 75. డాక్టర్లు ఇచ్చిన గడువు దాటి దాదాపు అరశతాబ్దం బతికారన్న మాట.

మీ దగ్గర ఫెల్ట్ టోపీ ఉందా? ఇవి గుర్తుంచుకోండి

స్టెట్సన్ మన్నిక మీద బతికారు. కానీ ఎంత మంచి ఫెల్ట్ అయినా సరిగ్గా చూసుకుంటేనే మన్నుతుంది.

కొనేటప్పుడు ముందు వేళ్లతో తడిమి చూడండి. మంచి బొచ్చు ఫెల్ట్ మెత్తగా, దట్టంగా ఉంటుంది. ఉన్ని ఫెల్ట్ చవక, కానీ వానకు త్వరగా రూపు పోతుంది. టోపీ మీద కనిపించే ‘ఎక్స్’ గుర్తులు ఎక్కువుంటే నాణ్యత ఎక్కువని చెబుతారు. కానీ కంపెనీకో లెక్క ఉంటుంది. ఒక బ్రాండ్ గుర్తులను ఇంకో దానితో పోల్చొద్దు. నుదుటి మీద గీత పడేంత బిగుతు వద్దు.. గాలికి ఎగిరేంత వదులూ వద్దు.

తీసేటప్పుడు పైన నొక్కు దగ్గర పట్టుకోకండి, అక్కడే ముందు చిరుగుతుంది. అంచు పట్టుకుని తీయండి. బల్ల మీద పెట్టేటప్పుడు తలకిందులుగా పెడితే అంచు వంపు పోదు. దుమ్ము పడితే మెత్తటి బ్రష్‌తో గడియారం ముల్లుకు ఎదురు దిశలో తుడవాలి. తడిస్తే లోపలి పట్టీని బయటికి తిప్పి, నీడన ఆరనివ్వాలి. హెయిర్ డ్రయ్యర్ వాడితే ఫెల్ట్ కుంచించుకుపోతుంది. మన ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినా అదే గతి. వానాకాలంలో దాచేటప్పుడు పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టాలి, లేదంటే బూజు ఖాయం.

నొక్కు మార్చాలంటే కెటిల్ ఆవిరికి కాసేపు చూపించి, చేత్తో మెల్లగా వంచి, చల్లారేదాకా పట్టుకుంటే చాలు. చేతులు మాత్రం ఆవిరికి దూరంగా!

మన తెరకూ ఎక్కిన టోపీ

1971లో సూపర్ స్టార్ కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో కౌబాయ్‌ని తెలుగు తెర మీదికి తెచ్చారు. 1990లో చిరంజీవి ‘కొదమసింహం’, 2002లో మహేశ్ బాబు ‘టక్కరి దొంగ’తో ఆ దారిలో వెళ్లారు. చిత్రమేంటంటే, మన దగ్గర ఆ టోపీకి క్రేజ్ మొదలైన రోజుల్లోనే ఫిలడెల్ఫియాలోని స్టెట్సన్ ఫ్యాక్టరీ మూతపడింది. జనం టోపీలు పెట్టుకోవడమే తగ్గించేశారు మరి. ఇప్పుడు ఆ పేరుతో టోపీలు టెక్సాస్‌లోని గార్లాండ్‌లో తయారవుతున్నాయి.

షెడ్డులు పోయాయి.. ఆ ఆసుపత్రీ పోయింది. కానీ స్టెట్సన్ కొనేవాడి చేతికే వదిలేసిన పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. కొత్త ఫెల్ట్ టోపీ కొన్నవాళ్లు ఇవాళ్టికీ దాన్ని ఆవిరికి చూపించి, తమ నొక్కు తామే పెట్టుకుంటున్నారు.