ఆర్వెల్ భరించిన మందు

మా ఖుర్దా రోడ్డు రైల్వే క్వార్టర్లలో ఒక సోదరుడు కిందటేడు క్షయ మందులు రెండు నెలలు మింగి, వాంతులు తాళలేక, ఎవరికీ చెప్పకుండా మానివేశాడు. డాక్టరుకు చెప్పడానికి జంకు. ఇరుగుపొరుగుకు తెలుస్తుందని సిగ్గు. ఆ దిగులులో ఉండగానే జార్జి ఆర్వెల్ జీవితం చదివాము. పండుగ సంచికలో రోగం మాట ఎందుకని కొందరు అనవచ్చును. వేపపువ్వు లేనిది ఉగాది పచ్చడి కాదు గదా!

ఈ ఆంగ్ల రచయిత పుట్టినది మన దేశంలోనే. అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903 జూన్ 25న బీహారులోని మోతీహారిలో జన్మించాడు. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. పసితనంలోనే తల్లి ఇంగ్లండు తీసుకుపోయింది. చిన్ననాటి నుండి ఆయనను దగ్గు వదలలేదు. 1922 నుండి 1927 వరకు బర్మాలో పోలీసు కొలువు చేసి, దానిని వదలి కలం పట్టాడు. 1938లో నోట రక్తం పడి నెలల తరబడి శానిటోరియంలో ఉన్నాడు. 1945లో భార్య మరణించింది. పెంపుడు కొడుకు ఇంకా పసివాడు. ఆ ఏటనే 'యానిమల్ ఫారం' వెలువడి ఆయనకు కీర్తి తెచ్చింది.

తరువాత స్కాట్లండులోని జూరా ద్వీపంలో '1984' నవల వ్రాస్తూ మంచాన పడ్డాడు. 1947 డిసెంబరులో గ్లాస్గో సమీపాన ఆసుపత్రిలో చేర్చి, క్షయ అని తేల్చారు. స్ట్రెప్టోమైసిన్ అప్పుడు కొత్త మందు, బ్రిటనులో దొరకడం దుర్లభం. మిత్రుడు డేవిడ్ ఆస్టర్ సహాయంతో అమెరికా నుండి తెప్పించి, 1948లో సుమారు 50 రోజులు సూదులు వేశారు. క్షయ తగ్గుముఖం పట్టింది గాని ఒళ్లంతా ఎర్రబడి చర్మం పొట్టు రాలింది. నోరు పూసింది. రాత్రి పెదవులనుండి కారిన రక్తం గడ్డకట్టి, తెల్లవారి కడిగితే గాని నోరు తెరుచుకునేది కాదు. జుట్టు ఊడింది, గోళ్లు చెడిపోయాయి. గత్యంతరం లేక డాక్టర్లే మందు ఆపివేశారు. మిగిలిన మందుతో మరి ఇద్దరు కోలుకున్నారు.

జూలైలో ఇల్లు చేరి, నీరసంలోనే నవల ముగించి, టైపు కూడా తానే చేసుకున్నాడు. 1949లో మళ్లీ శానిటోరియం. ఆ మందే మళ్లీ ప్రయత్నించగా శరీరం సహించలేదు. ఆ జూన్‌లో నవల వెలువడింది. 1950 జనవరి 21న ఊపిరితిత్తులలో రక్తస్రావమై, 46వ ఏట కన్ను మూశాడు.

ఆయనకు నయం చేయగల మారు మందు దొరకలేదు. మనకు కలదు. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. ఇంటివద్ద ఉండి మందు వాడినా శానిటోరియంలో వలెనే నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధన కేంద్రమే లోకానికి చూపింది. నేడు సాధారణ క్షయకు నాలుగు మందులు కలిపి మొదలుపెట్టి, ఆరు నెలలు వాడితే చాలును. మూత్రం ఎర్రబడడం రిఫాంపిసిన్ మందు రంగే, భయం లేదు. కాని కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా, వాంతులు ఆగకపోయినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. వారు మోతాదు సవరిస్తారు, లేదా మందు మారుస్తారు. మనంతట మనమే మానితే వ్యాధి తిరగబెడుతుంది. క్రిములు మందుకు లొంగకుండా పోతాయి.

మా సోదరునికి తిరగబెట్టనే బెట్టింది. ఇప్పుడు మళ్లీ మొదటి నుండి మందు వాడుతున్నాడు. ఈసారి ఇంటిల్లిపాదికీ తెలుసు, మాకూ తెలుసు. మాత్రల వేళ ఎవరో ఒకరు గుర్తుచేస్తున్నాము. పొరుగు రాష్ట్రంలో బ్రతికే మనకు ఆ మాత్రం అండ మనమే గదా. సోదర సోదరీమణులకు ఉగాది శుభాకాంక్షలు.