సార్జెంటు ఆల్విన్ యార్క్ జీవితము

అమెరికా దేశమున టెన్నెసీ రాష్ట్రములోని పాల్‌మాల్ అను కొండపల్లెలో 1887 డిసెంబరు 13న ఆల్విన్ యార్క్ జన్మించెను. పదునొకండుమంది బిడ్డలున్న బీద యిల్లు. తండ్రి కమ్మరి. ఆల్విన్ బడిలో గడిపినది కొద్ది నెలలే. అతనికి అబ్బిన విద్య తుపాకి గురి. ఆ ప్రాంతపు పందెములలో సీమకోడిని దుంగ వెనుక కట్టుదురు. అది తల పైకెత్తినప్పుడే కాల్చవలెను.

1911లో తండ్రి గతించిన పిదప అతడు త్రాగుడునకును జగడములకును లోబడెను. తల్లి ఎంత దుఃఖించెనో! 1915 ఆరంభమున మారుమనస్సు పొంది, త్రాగుడు మాని, సంఘములో పాటలు నడిపించువాడాయెను.

1917లో అమెరికా జర్మనీతో యుద్ధమునకు దిగగా అతనికి పిలుపు వచ్చెను. ఆరవ ఆజ్ఞను నమ్మినవాడు మనుష్యునిమీద తుపాకి ఎట్లు ఎత్తును? మినహాయింపు కోరెను, అధికారులు త్రోసివేసిరి. శిబిరములో మేజరు బక్స్‌టన్, కెప్టెను డాన్‌ఫర్త్ అతనిని గద్దింపక, బైబిలు తెరచి మాటలాడిరి. యెహెజ్కేలు 33వ అధ్యాయములోని కావలివానిని చూపి, సెలవిచ్చి ఇంటికి పంపిరి. యార్క్ తన కొండలలో ప్రార్థించి, యుద్ధమునకు పోవుటకే నిశ్చయించుకొనెను. ఒక అధ్యాయము చూపినంతనే తీరు చిక్కు కాదిది. కాపరిగా నాకు తెలియును.

1918 అక్టోబరు 8న ఫ్రాన్సులోని ఆర్గాన్ అడవిలో 17 మంది సైనికులు శత్రువుల వెనుకకు చేరిరి. మరతుపాకులు ప్రేలగా ఆరుగురు చనిపోయిరి, ముగ్గురు గాయపడిరి. అప్పుడు కార్పొరలుగా ఉన్న యార్క్ ముందు నిలిచి, తలెత్తిన వానినెల్ల కాల్చెను. ఆరుగురు బాయినెట్లతో మీదికి రాగా, పిస్తోలుతో వెనుకటివానినుండి ముందువానివరకు పడగొట్టెను. ముందువి బెదరకుండ అడవి సీమకోళ్లను అట్లే వేటాడుదురు. తుదకు జర్మను అధికారి లొంగిపోయెను. ఎనిమిదిమంది 132 మందిని చెరపట్టి తెచ్చిరి. ఘనతంతయు ఒక్కనికే చెల్లదని తోడివారిలో కొందరు తరువాత అనిరి.

ఈ సంగతి చదివినప్పుడెల్ల ఆ 132 మంది కంటె, అతని గురికి కూలినవారే నాకు తలంపునకు వత్తురు. యార్క్‌కును అట్లే ఉండెనేమో. మరునాడు అతడు ఆ చోటికి తిరిగి పోయి, ప్రాణముతో ఎవరైన మిగిలిరేమోయని వెదకెను. ఎవరును లేరు. తనవారి కొరకును, ఆ జర్మనుల కొరకును అక్కడనే ప్రార్థించెను.

అమెరికా అత్యున్నత పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ అతనికి లభించెను. 1919లో తిరిగి రాగానే వ్యాపారులు ధనాశ చూపిరి. తన కీర్తిని అమ్ముకొనుటకు ఒప్పుకొనక, పల్లెకు పోయి, తనకొరకు కనిపెట్టియున్న గ్రేసీని వివాహమాడెను. తనకు దొరకని చదువు కొండబిడ్డలకు దొరకవలెనని ఊరూర తిరిగి చందాలు పోగుచేసి, జేమ్స్‌టౌనులో పాఠశాల స్థాపించెను. తన జీవితమును సినిమాగా తీయుటకు చాలకాలము నిరాకరించెను. బైబిలు పాఠశాల కట్టుటకు సొమ్ము కావలసి తుదకు ఒప్పుకొనెను. అది 1941లో వెలువడెను.

1954లో పక్షవాతము వచ్చి మంచమునకు అంటుకొనెను. 1964 సెప్టెంబరు 2న మరణించగా, పాల్‌మాల్‌లోనే వుల్ఫ్ రివర్ సమాధుల తోటలో పాతిపెట్టిరి.