చిత్తూరమ్మ పుట్టినరోజు

ఏప్రిల్ ఒకటిన పొద్దున్నే ఫోన్ చేసి "ఈరోజు మన చిత్తూరు జిల్లా పుట్టినరోజబ్బా" అంటే, అవతలివాళ్ళు ముందు నవ్వుతారు, పరాచికమనుకుని. పరాచికం కాదు. 1911లో ఇదే తేదీన జిల్లా ఏర్పడింది. సర్కారు కొత్త లెక్కల పుస్తకం తెరిచే రోజున కొత్త సంసారమూ మొదలైంది.

అదీ తలా ఒక ఇంటినుంచి వచ్చినవాళ్ళ సంసారం. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చాయి. మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చాయి. పుంగనూరు, శ్రీకాళహస్తి, కార్వేటినగరం జమీందారీ సీమలు తోడయ్యాయి. ఇక్కడి తెలుగు పడమట కన్నడంతో, దక్షిణాన తమిళంతో చెట్టపట్టాలేసుకుని తిరుగుతుంది.

ఆ తేదీకి ఇంకో జ్ఞాపకమూ ఉంది. 1960 ఏప్రిల్ 1న, ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తగవులో మధ్యవర్తి పటాస్కర్ చేసిన సిఫార్సుల మేరకు గీత జరిగింది. తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రానికి పోయింది. చెంగల్పట్టు జిల్లా నుంచి సత్యవేడు ప్రాంతం మనకొచ్చింది. పల్లె మాటల్లో కుండమార్పిడి సంబంధం! తిరుత్తణిలో పుట్టి, తిరుపతిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పటికి దేశానికి ఉపరాష్ట్రపతి.

గీత జరిగినా రాకపోకలు ఆగలేదు. ఆడికృత్తిక వస్తే నగరి, పుత్తూరు జనం పసుపు బట్టలు కట్టి, భుజాన పూలకావళ్ళెత్తుకుని తిరుత్తణి కొండెక్కుతారు. రేణిగుంట నుంచి అరక్కోణం పోయే రైల్లో "రోంత జరుగమ్మా" అని అవ్వ తెలుగులో అడిగితే, "ఉక్కారుంగమ్మా" అని తమిళంలో చోటు దొరుకుతుంది. మధ్యలో తర్జుమా అక్కర్లేదు.

2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లాగా వేరు కాపురం పెట్టింది. శ్రీకాళహస్తిని, 1960లో వచ్చిన సత్యవేడునూ వెంటబెట్టుకుపోయింది. నెల్లూరు వైపునుంచి గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి వచ్చి చేరాయి. తల్లికీ బిడ్డకూ వయసులో 111 ఏళ్ళ తేడా, పుట్టినరోజులకు మాత్రం మూడు రోజులే ఎడం!

చిత్తూరమ్మా, నీ పేరును తన పేరుకు ముందు పెట్టుకుని నాగయ్య తెలుగు తెరనేలాడు. నీ పల్లెల మాటకు మధురాంతకం రాజారాం, నామిని కతల్లో పీట వేశారు. నీకు కేకు కొయ్యం. వేడి రాగిసంగటి ముద్దలో గుంట చేసి, చెనిక్కాయల ఊరిబిండి పెడతాం. పొరుగు రాష్ట్రానికి పోయిన ఆడబిడ్డకూ ఒక ముద్ద పక్కన తీసిపెడతాం. నూరేళ్ళు ఎప్పుడో దాటావు, ఇంకా చల్లంగుండు తల్లీ!