గురువు గుర్తించిన చిత్రకారుడు దామెర్ల రామారావు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే మన పూర్వ విద్యార్థులందరికీ అక్కడి శిల్పశాలలు తెలుసు. సగం చెక్కిన ఆంజనేయస్వామి, ఇంకా కళ్లు తెరవని అమ్మవారు, పక్కనే ఎవరో ఊరిపెద్ద నిలువెత్తు విగ్రహం కనిపిస్తాయి. ఏ ఊరి నుంచో నలుగురు పెద్దలు వస్తారు. ఏ దేవుడు, ఎన్ని అడుగులు, ప్రతిష్ఠ ఎప్పుడు అన్నది మాట్లాడుకుని, అడ్వాన్సు ఇచ్చి పోతారు. ఆ తర్వాతే ఉలి కదులుతుంది. ఆర్డరు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. చేతిలో ఎంత విద్య ఉన్నా, దాన్ని కోరి వచ్చేవాడు ఉండాలి.

రంగులతో బతికేవాళ్ల సంగతీ అంతే. దీనికి ఉదాహరణగా మన స్వర్ణోత్సవ సంచికలో ఒక గోదావరి జిల్లా చిత్రకారుని గురించి రాస్తున్నాను. ఆయన దామెర్ల రామారావు. నవనందుల సీమలో పుట్టిన మనకు ఆయన గీసిన నందిపూజ చిత్రం పేరు వింటేనే దగ్గరితనం కలుగుతుంది. అయితే అసలు కారణం అది కాదు. ఆయన జీవితంలో ఒక ఉపాధ్యాయుడు ఉన్నారు. బడి సంచికలో చెప్పుకోవలసిన కథ అందుకే అయింది.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ బొమ్మల మీదే ధ్యాస. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలో బొమ్మలు గీసే పిల్లవాణ్ణి చూసి మురిసిపోయేవాళ్లు తక్కువ. చదువు పాడవుతోందని బాధపడేవాళ్లే ఎక్కువ. గుమాస్తా ఉద్యోగానికో, ప్లీడరీకో దారితీయని విద్య విద్యే కాదనుకునే కాలం అది.

రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు 1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా వచ్చారు. ఆయన పాఠం చెప్పి ఇంటికి పోయే మనిషి కాదు. స్వయంగా బొమ్మలు వేసేవారు, కథలూ కవితలూ రాసేవారు. తర్వాతి కాలంలో దక్షిణ భారతదేశపు అనుభవాల మీద ఒక పుస్తకం ప్రచురించారు. విద్యార్థుల్లో ఎవరికి ఏ వైపు మొగ్గు ఉందో కనిపెట్టి, ఆ వైపే వాళ్లను నడిపించేవారు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన చుట్టూ చేరినవాళ్లే. రామారావు చేతిలో ఉన్నది కాలక్షేపపు సరదా కాదని మొదట గ్రహించినవారు కూల్డ్రే. శిష్యులకు అజంతా చిత్రాల గొప్పదనం తెలియజెప్పినవారూ ఆయనే. తెల్లదొర వచ్చి మన పాతకళను మనకు చూపించవలసి రావడం ఆలోచించవలసిన విషయమే. చూపించినందుకు మాత్రం మనం ఆయనకు రుణపడి ఉండాలి.

మెచ్చుకుని ఊరుకోవడం తేలిక. కూల్డ్రే అక్కడితో ఆగలేదు. 1916లో రామారావును బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేర్చడానికి చొరవ తీసుకుని, చదువు ఖర్చుకు సాయపడ్డారు. అక్కడి ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఈ కుర్రవాడు తెచ్చిన బొమ్మలు చూసి నేరుగా మూడో సంవత్సరంలో చేర్చుకున్నారు. 1920 నాటికి రామారావు చదువు ముగిసింది. అంతకుముందే, 1919లో, కూల్డ్రే ఉద్యోగం వదిలి ఇంగ్లండుకు వెళ్లిపోయారు. శిష్యుడు పట్టా చేత పుచ్చుకుని తిరిగొచ్చేసరికి ఊళ్లో గురువు లేరు.

అప్పుడు మొదలైంది అసలు ప్రశ్న. ఎలా బతకాలి?

ఆ కాలంలో చిత్రకారుడికి డబ్బు తెచ్చే పని ముఖ్యంగా ఒకటే. సంస్థానాధీశుల, దివాన్ల, జమీందారుల రూపచిత్రాలు గీయడం. ఈ దారిలో అందరికంటే పైకి వెళ్లినవారు రవివర్మ. బరోడా మహారాజు కోసం వేసిన 14 పురాణ చిత్రాలకు ఆయన యాభై వేల రూపాయలు పుచ్చుకున్నారు. అంతటి రవివర్మ కూడా 1902లో హైదరాబాదు వచ్చి, ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఆతిథ్యంలో ఉంటూ, నిజాం ప్రభువు పిలుపు కోసం ఎదురుచూపులతో కాలం గడపవలసి వచ్చింది. గొప్పవాళ్ల గుమ్మం దగ్గర చిత్రకారుడి రోజులు తన చేతిలో ఉండవు. దొరవారికి తీరిక దొరకాలి, కదలకుండా కూర్చునే ఓపిక ఉండాలి, పూర్తయ్యాక పోలిక నచ్చాలి, ఆపైన ఖజానా నుంచి సొమ్ము రావాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా పడిన శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

రామారావు ఆ విద్యలో వెనకబడినవారేమీ కాదు. గుజరాత్, కాఠియావాడ్ ప్రాంతాలు తిరిగినప్పుడు భావనగర్ సంస్థానపు దివాను ప్రభాశంకర్ పట్టణీ చిత్రం వేశారు. అటువంటి పెద్దమనిషి ప్రాపకం దొరికిన యువకుడు ఇంకో సంస్థానం, ఆ తర్వాత మరో సంస్థానం చూసుకుంటూ పోవచ్చు. తలపాగాలూ పతకాలూ గీసుకుంటూ నిశ్చింతగా బతకవచ్చు. కానీ ఆ ప్రయాణంలో ఆయన మనసును పట్టుకున్నది దర్బారు ఒక్కటే కాదు. అక్కడి పాలమ్మే గొల్లభామ కూడా ఆయన చిత్రాల్లోకి వచ్చింది. ఆమె బొమ్మ వేయమని అడిగినవారు గానీ, దానికి అడ్వాన్సు ఇచ్చినవారు గానీ ఎవరుంటారు?

1922లో ఆయన రాజమండ్రి చేరుకుని చిత్రకళాశాల పెట్టారు. బొంబాయిలోనో కలకత్తాలోనో ఉంటే కొనేవాళ్లు దొరుకుతారు, ప్రదర్శనలు జరుగుతాయి, పత్రికలవాళ్లు రాస్తారు. గోదావరి గట్టున ఇవేవీ లేవు. పిల్లలకు బొమ్మలు నేర్పడమంటే నెలనెలా జీతం వచ్చే ఉద్యోగమూ కాదు. బొమ్మకు నమూనాగా నిలబడేవాళ్లు దొరకడం కూడా మన ఊళ్లలో కష్టమే. ఆ లోటు ఇంట్లోవాళ్లు తీర్చారు. భార్య సత్యవాణి ఆయన చిత్రాలకు నమూనాగా నిలిచారు. ఆమె కూడా కుంచె పట్టారు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ చిత్రకారిణి అయ్యారు. ఆడపిల్లలకు అక్షరాలు నేర్పడమే విశేషంగా చెప్పుకునే రోజుల్లో ఆ ఇల్లే ఒక బడి అయింది.

ఆ కొద్ది కాలంలోనే ఆయనకు పేరు వచ్చింది. కలకత్తా ప్రదర్శనలో ఋష్యశృంగుని కథ మీద వేసిన చిత్రానికి వైస్రాయి బహుమతి దక్కింది. వైస్రాయి లార్డ్ రీడింగ్ ఆయన ప్రకృతి చిత్రం ఒకటి కొనుక్కున్నారు. తూర్పు కనుమల మధ్య గోదావరిని చూపే చిత్రం 1924లో లండన్ వెంబ్లీ ప్రదర్శన దాకా వెళ్లింది. బొంబాయి బడి నేర్పిన తైలవర్ణపు పద్ధతి ఆయనకు తెలుసు. బెంగాలు చిత్రకారుల దారీ తెలుసు. ఆయన బొమ్మల్లో మాత్రం మన తెలుగు ఆడవాళ్ల కట్టూ బొట్టూ, నడకా, బావి దగ్గరి పొద్దూ కనిపిస్తాయి. ఈ దారిలో ఇంకా ఎంతో దూరం వెళ్లవలసిన మనిషి ఆయన.

1925 ఫిబ్రవరి 6న మశూచికం ఆయనను తీసుకుపోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

చిత్రకారుడు పోయిన తర్వాత బొమ్మలు ఏమవుతాయి? చాలా ఇళ్లలో జరిగేది మనకు తెలుసు. అవసరానికి ఒకటి అమ్ముడుపోతుంది, మొహమాటానికి ఇంకొకటి పోతుంది, మిగిలినవి అటక మీద చెదలపాలవుతాయి. వైస్రాయి కొన్న చిత్రకారుడంటే కొనడానికి వచ్చేవాళ్లు ఉండకపోరు. పడుచు వయసులో భర్తను పోగొట్టుకున్న సత్యవాణికి ఆ డబ్బు అవసరం లేదనీ అనుకోలేం. అయినా ఆ చిత్రాలు చెల్లాచెదురు కాలేదు. కుటుంబమూ స్నేహితులూ వాటిని ఒకచోట ఉంచారు. శిష్యుడు వరదా వెంకటరత్నం గురువు పెట్టిన బడిని తన భుజాన వేసుకుని ఏళ్ల తరబడి నడిపారు. ఈనాడు రాజమండ్రిలో దామెర్ల రామారావు స్మారక చిత్రకళాశాల ప్రభుత్వ సంస్థగా ఉంది. గోదావరి స్నానానికి వెళ్లే మన యాత్రికులు ఒక గంట కేటాయిస్తే ఆ బొమ్మలను అక్కడే చూడవచ్చు.

లెక్క వేసి చూస్తే రామారావుకు అన్నిటికంటే పెద్ద పని అప్పగించినవారు దివానూ కాదు, వైస్రాయీ కాదు, ఆయన కాలేజీ ప్రిన్సిపాలు. కూల్డ్రే తన బొమ్మ గీయమని అడగలేదు. పోయి నేర్చుకో అన్నారు, దానికి అయ్యే ఖర్చు చూసుకున్నారు. ఫలితం చూడడానికి ఆయన ఊళ్లో కూడా లేరు. ఆ అప్పును శిష్యుడు గురువుకు తిరిగి కట్టలేదు. తన బడి పిల్లలకు కట్టారు. వాళ్లలో ఒకరైన వెంకటరత్నం దాన్ని మళ్లీ తర్వాతి తరానికి కట్టారు.

మన బడి యాభై ఏళ్లలో ఎందరినో డాక్టర్లనూ, ఇంజనీర్లనూ, ఉద్యోగులనూ చేసింది. మనలో పైకి వచ్చినవాళ్లు బడికి గదులు కట్టిస్తున్నారు, బల్లలు కొనిస్తున్నారు. అవన్నీ కావలసినవే. దానితోపాటు, లెక్కల నోటు పుస్తకం చివరి పేజీలో బొమ్మలు గీసుకునే పిల్లవాణ్ణి ఏ అయ్యవారైనా గుర్తించి చెబితే, వాడి చదువుకు చందా వేయడానికి మన సంఘం ముందుకు రావాలని నా కోరిక. ఆ అయ్యవారు ఈ ఏడాదే ఒక పేరు చెప్పినా చెప్పవచ్చు.