జేమ్స్ ప్రెస్కాట్ జౌల్

హైదరాబాదు నుండి వరంగల్లునకు పోవు రాజమార్గమున, ఉప్పలు దాటిన పిమ్మట నారపల్లి కలదు. అచ్చట వేసవి తాపమునకు తాళలేక గదిని చల్లబరచు యంత్రమును కొనబోవువానికి ఒక చిక్కు ఎదురగును. ఒక యంత్రము యొక్క సామర్థ్యమును టన్నులలో చెప్పుదురు. వేరొకదానిపై గంటకు ఇన్ని బ్రిటిష్ ఉష్ణప్రమాణములని వ్రాసియుండును. ఇంకొకదానిపై వాట్లు కానవచ్చును. ఈ మూడును ఒకే సంగతిని చెప్పుచున్నవి. ఒకదానిని మరియొకదానిగా మార్చుకొనుటకు దారి చూపినవాడు విశ్వవిద్యాలయ పండితుడు కాడు. బీరు కాచు వర్తకుని కుమారుడు.

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1818వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన ఇంగ్లండు దేశమున మాంచెస్టరు చెంతనున్న సాల్‌ఫర్డులో జన్మించెను. బాల్యమున వెన్నెముక బలహీనమగుటచే ఇంటనే చదువుకొనెను. 1834లో తండ్రి అతనిని, అతని అన్నను పరమాణు సిద్ధాంతమునకు ప్రసిద్ధుడైన జాన్ డాల్టను వద్దకు పంపెను. ఆ వృద్ధ గురువు పక్షవాతమునకు లోనగు వరకు వారికి గణితము బోధించెను. కొలతలయందు జౌలునకు జీవితాంతము నిలిచిన పట్టుదల అచ్చటనే అలవడెను కాబోలు.

యౌవనమున జౌల్ తండ్రి కర్మాగారమున పని చేయుచు, తీరిక వేళల ఇంట ప్రయోగములు చేయుచుండెను. ఆవిరి యంత్రమునకు బదులు విద్యుద్యంత్రమును వాడిన లాభమగునేమో యని మొదట లెక్క వేసెను. కాని బ్యాటరీలో కరగిపోవు తుత్తునాగము బొగ్గుకంటె ఎంతో ప్రియమని తేలెను. ఆ నిరాశయే అతనిని పెద్ద ప్రశ్నకు చేర్చెను. ఉష్ణమనగా నేమి?

ఆ కాలమున పెక్కుమంది శాస్త్రజ్ఞులు ఉష్ణమును బరువులేని ఒక ద్రవముగా భావించుచుండిరి. అది వస్తువు నుండి వస్తువునకు ప్రవహించునే గాని పుట్టదు, నశించదు అని వారి మతము. అదియే నిజమైనచో పనికి, ఉష్ణమునకు లెక్క కుదరదు. పనిని అడుగు-పౌనులలో కొలిచెడివారు. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడిచేయు ఉష్ణమును ఉష్ణప్రమాణముగా గ్రహించెడివారు. బియ్యమును కుంచములతోను, వస్త్రమును మూరలతోను కొలుచునట్లు ఆ రెండును వేరువేరు జాతుల కొలతలై యుండెను.

అవి రెండును ఒకటే యని జౌల్ 1843లో కార్కు నగరమున జరిగిన శాస్త్రసభలో లెక్కలతో చెప్పెను. సభ్యులు పట్టించుకొనలేదు. మరుసటి యేడు అతడు పంపిన వ్యాసమును రాయల్ సొసైటీ తన పత్రికలో ప్రకటించుటకు నిరాకరించెను. అతడు నొచ్చుకొని ఊరకుండలేదు. మరల కొలుచుటకు పూనుకొనెను.

అతని ప్రయోగము చూచుటకు సులభము, చేయుటకు కష్టము. ఒక రాగిపాత్రలో నీరు నింపి, అందు తిరుగునట్లు తెడ్ల చక్రము నమర్చెను. దారములకు కట్టిన బరువులు దిగుచుండగా తెడ్లు తిరిగి నీటిని చిలుకును. బరువులను ఇరువది మారులు పైకెత్తి దింపినను నీటి వేడిమి అర డిగ్రీకి కొంచెము మించి మాత్రమే పెరుగును. గదిలోని గాలి, దగ్గర నిలుచువాని దేహపు వేడి సైతము లెక్కను చెరుపగలవు. కావున డిగ్రీలో రెండువందలవ వంతును గుర్తింపగల ఉష్ణమాపకమును వాడి, నేలమాళిగలో పని చేసెను. కాగుల వేడిని నిత్యము కనిపెట్టు వృత్తియందు పెరిగినవానికే ఇంత ఓర్పు సాధ్యము.

1847లో ఆక్స్‌ఫర్డు సభలో అధ్యక్షుడు అతనిని క్లుప్తముగా ముగింపుమని కోరెను. అదియు మరుగున పడవలసినదే. కాని ఇరువదిమూడేండ్ల విలియం థామ్సను ఆ మాటలలోని సారమును గ్రహించి చర్చ లేవనెత్తెను. ఇతడే తరువాత కెల్విను ప్రభువైనవాడు. నాటినుండి జౌలునకు వినువారు లభించిరి. 1850లో వెలువడిన వ్యాసమున, ఒక ఉష్ణప్రమాణము 772 అడుగు-పౌనుల పనికి సమానమని అతడు నిర్ణయించెను. అనగా 772 అడుగుల ఎత్తునుండి పడిన నీరు ఒక్క డిగ్రీ మాత్రమే వేడెక్కును. నేటి లెక్కలో ఆ సంఖ్య సుమారు 778.

ఆ వంతెన కట్టబడిన పిమ్మట మిగిలినది గుణకారమే. ఒక బ్రిటిష్ ఉష్ణప్రమాణము సుమారు 1,055 జౌళ్లు. సెకనుకు ఒక జౌలు చొప్పున సాగు ప్రవాహము ఒక వాటు. గంటలో 3,600 సెకనులు గనుక, గంటకు ఒక ఉష్ణప్రమాణమనగా 0.293 వాటు. గంటకు ఒక కిలోకెలోరీ అనగా సుమారు 1.16 వాటు. ఇక టన్ను యంత్రపు బరువు కాదు. రెండువేల పౌనుల మంచును ఒక దినములో కరగించు ఉష్ణమే ఆ టన్ను. అది గంటకు 12,000 ఉష్ణప్రమాణములు, అనగా సుమారు 3,500 వాట్లు. ఇది గదినుండి తొలగు ఉష్ణమే గాని యంత్రము వాడుకొను విద్యుత్తు కాదు. కొనువారు తరచు పొరబడునది ఇచ్చటనే.

నారపల్లికి పోవు దారిలో, హబ్సీగూడ ఉప్పలుల నడుమ, 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. అచ్చటి శాస్త్రజ్ఞులు లోతైన బోరురంధ్రములలో ఉష్ణోగ్రతలు కొలిచి, భూగర్భమునుండి పైకి వచ్చు ఉష్ణమును గణించిరి. పూర్వము దీనిని చదరపు సెంటీమీటరునకు సెకనుకు ఇన్ని మైక్రోకెలోరీలని చెప్పెడివారు. నేడు చదరపు మీటరునకు మిల్లీవాట్లలో చెప్పుదురు. పాత ప్రమాణమొకటి 41.84 మిల్లీవాట్లు. దక్షిణ భారతపు ప్రాచీన శిలలలో ఈ ప్రవాహము ఇంచుమించు అంతే. ఈ లెక్కన ఒక టన్ను యంత్రము తొలగించు ఉష్ణము, ఇరువది యెకరములకు పైబడిన నేల అడుగునుండి పైకి వచ్చు ఉష్ణమునకు సమానము!

జౌల్ గృహజీవితము సుఖముగా సాగలేదు. 1847లో వివాహమాడిన భార్య 1854లో మరణించెను. ఇద్దరు బిడ్డలు మిగిలిరి. కొలదికాలమునకే కర్మాగారమును అమ్మివేసిరి. 1870లో రాయల్ సొసైటీ, ఒకనాడు అతని వ్యాసమును త్రోసిపుచ్చిన ఆ సంస్థయే, కాప్లీ పతకము నొసగెను. 1878లో సుమారు అరువదియేండ్ల వయస్సున అతడు మరల కొలిచి 772.55 అను విలువను ప్రకటించెను. 1889 అక్టోబరు 11వ తేదీన సేల్ పట్టణమున కన్నుమూసెను. 1948లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ ఉష్ణమును సైతము జౌళ్లలోనే కొలువవలెనని నిర్ణయించెను. సేల్ పట్టణపు శ్మశానవాటికలో అతని సమాధి శిలపై 772.55 అను సంఖ్య చెక్కబడి నేటికిని కలదు.