పార్టీ నిలబెట్టకున్నా రాష్ట్రపతి అయిన వి.వి.గిరి



ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా మన ఊళ్లల్లో, తండాల్లో పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు. గెలిచే పార్టీకే ఓటెయ్యాలి, ఇండిపెండెంటుకు వేస్తే ఓటు మోరిలో పోసినట్టే అని. ఈ మాట నిజమేనా? మన దేశంలో ఒక రాష్ట్రపతి ఇండిపెండెంటుగా నిలబడి గెలిచారు. అట్లా గెలిచింది ఆయన ఒక్కరే. ఆయన మన తెలుగువారు. పేరు వరాహగిరి వెంకట గిరి. అందరూ వి.వి.గిరి అంటారు. ఈసారి ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

జననం, చదువు

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. అప్పుడు మద్రాసు రాజ్యంలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు గారు వకీలు. తల్లి సుభద్రమ్మ గారు.

1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లాండు దేశంలోని డబ్లిన్ నగరానికి పోయారు. ఐర్లాండు కూడా మన లాగే ఇంగ్లీషువాళ్ల పాలనలో ఉండేది. 1916లో అక్కడి ప్రజలు తిరగబడ్డారు. ఆ పోరాటం గిరి గారి మనసులో బాగా నాటుకుంది. సర్కారుకు ఆయన మీద అనుమానం వచ్చింది. ఆ సంవత్సరమే దేశం విడిచి రావలసి వచ్చింది.

కార్మికుల కోసం

ఇంటికి వచ్చి వకీలు పని మొదలు పెట్టారు. కానీ గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు ఇవ్వగానే దాన్ని వదిలేశారు. సారా దుకాణాల ముందు పికెటింగ్ చేసి 1922లో జైలుకు పోయారు. తర్వాత రైల్వే కార్మికులను ఒక్కటి చేశారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్యను స్థాపించినవారిలో ఆయన ఒకరు. పదేళ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కూలీలను పనిలోంచి తీసేస్తే, గిరి గారు ముందుండి సమ్మె నడిపించారు. దెబ్బలాటలు లేకుండా నడిచిన ఆ సమ్మెలో కార్మికులు గెలిచారు.

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా గారి మీద పోటీ చేశారు. రాజా గారు అప్పుడు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి. ఆ జాగ కూడా ఆయనదే. అయినా గిరి గారే గెలిచారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో మళ్లీ జైలుకు పోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో పాతపట్నం నుండి లోక్ సభకు గెలిచి, నెహ్రూ గారి దగ్గర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఒక తీర్పు ఇచ్చింది. సర్కారు దాన్ని మార్చి తగ్గించింది. గిరి గారికి అది నచ్చలేదు. 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. మంత్రి కుర్చీ కోసం ఎందరో ఎదురు చూస్తుంటారు. ఆయన మాత్రం కుర్చీ దిగి వచ్చేశారు.

గిరిజనుల చేతిలో ఓటమి

ఈ సంగతి మనం తప్పక తెలుసుకోవాలి. 1957లో గిరి గారు పార్వతీపురం నుండి లోక్ సభకు పోటీ చేశారు. ఆ రోజుల్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరు సభ్యులు ఉండేవారు. పార్వతీపురంలో ఒక సీటు గిరిజనులకు రిజర్వు, ఇంకొకటి జనరల్. ఓట్లు లెక్కపెడితే మొదటి ఇద్దరూ గిరిజనులే. ఒకరు సత్యనారాయణ దొర, ఇంకొకరు డిప్పల సూరి దొర. గిరి గారు కొన్ని వందల ఓట్ల తేడాతో మూడో స్థానంలో ఆగిపోయారు. ఒక గిరిజనునికి రిజర్వు సీటు, ఇంకో గిరిజనునికి జనరల్ సీటు దక్కాయి.

గిరి గారు కోర్టుకు పోయారు. రిజర్వు సీటు కోసం నిలబడ్డ వ్యక్తికి జనరల్ సీటు ఎట్లా ఇస్తారు, అది తనకే రావాలి అని ఆయన వాదన. 1959లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రిజర్వేషన్ ఉన్నంత మాత్రాన గిరిజనునికి జనరల్ సీటు మీద హక్కు పోదు అని తీర్పు చెప్పింది. తర్వాత 1961లో ఇద్దరు సభ్యుల పద్ధతినే తీసేశారు.

గిరి గారు గొప్పవారే. కానీ ఆ కేసులో న్యాయం దొరల వైపు ఉంది. మనకు ఒక సీటు వదిలారు కాబట్టి మిగతావి మనవి కావు అనుకోకూడదని ఆ తీర్పు చెబుతోంది.

1969 రాష్ట్రపతి ఎన్నిక

ఆ తర్వాత ఆయన ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా చేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే చనిపోయారు. గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు.

కాంగ్రెసు పార్టీ పెద్దలు బెంగళూరులో కూర్చుని నీలం సంజీవరెడ్డి గారిని నిలబెట్టాలని తీర్మానించారు. ఆయన కూడా తెలుగువారే. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ గారికి ఆయన ఇష్టం లేదు. అయినా ఆయన నామినేషన్ కాగితం మీద ఆమే సంతకం పెట్టారు.

అప్పుడు గిరి గారు జులై 20న ఉన్న పదవి వదిలేసి ఇండిపెండెంటుగా బరిలోకి దిగారు. స్వతంత్ర పార్టీ, జనసంఘం వాళ్లు మాజీ ఆర్థికమంత్రి సి.డి.దేశ్‌ముఖ్ గారిని నిలబెట్టారు. మొత్తం 15 మంది పోటీ. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప గారు పోయి స్వతంత్ర, జనసంఘం వాళ్లను రెండో ఓటు సంజీవరెడ్డి గారికి వెయ్యమని అడిగారు. ఇందిర గారు అదే కారణంగా చూపి, ఎవరి అంతరాత్మ చెప్పినట్టు వాళ్లు ఓటెయ్యండి అని తన పార్టీ వాళ్లకు చెప్పారు. కమ్యూనిస్టులు, డి.ఎం.కె., అకాలీలు గిరి గారి వైపు ఉన్నారు.

రెండో ఓటు అంటే ఏమిటి?

రాష్ట్రపతిని ఎం.పి.లు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. చీటీ మీద పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేస్తారు. మన హాస్టల్ లీడర్ ఎన్నిక అట్లా పెట్టారనుకోండి. 100 మంది ఓటేశారు. అ కు 45, ఆ కు 35, ఇ కు 20 వచ్చాయి. ఎవ్వరికీ 51 రాలేదు. అప్పుడు తక్కువ వచ్చిన ఇ ని తప్పించి, ఆ 20 చీటీల్లో 2 అంకె ఎవరికి ఉందో చూస్తారు. 14 చీటీలు ఆ కు, 6 చీటీలు అ కు పోయాయి. అ 51, ఆ 49. అ గెలిచినట్టు. చూడండి, ఇ కి వేసినోళ్ల ఓటు వృథా పోలేదు. గెలుపు తేల్చింది వాళ్లే!

1969 ఆగస్టు 16న సరిగ్గా ఇట్లాగే జరిగింది. ఆగస్టు 20న లెక్కపెట్టారు. గెలవాలంటే 4,18,169 విలువ కావాలి. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చాయి. ఎవ్వరూ గెలవలేదు. మిగతావారిని ఒక్కొక్కరిని తప్పించి రెండో ఓట్లు కలిపారు. అవి ఎక్కువగా సంజీవరెడ్డి గారికే పోయాయి. అయినా చివరికి గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 వచ్చాయి. తేడా 14,650 మాత్రమే. ఆగస్టు 24న గిరి గారు రాష్ట్రపతి అయ్యారు. మూడు నెలలు తిరగకుండానే కాంగ్రెసు రెండు ముక్కలైంది.

ఎన్నిక చెల్లదని కొందరు సుప్రీంకోర్టుకు పోయారు. రాష్ట్రపతి పదవిలో ఉండి కూడా గిరి గారు సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు కేసు కొట్టేసింది. ఓడిన సంజీవరెడ్డి గారు 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఓటమితో బతుకు అయిపోదని ఆయన్ని చూసి తెలుసుకోవచ్చు.

ఒక నిజం

గిరి గారు ఒంటరిగా గెలిచారని చెబితే అబద్ధం అవుతుంది. ప్రధానమంత్రి అండ ఉంది, పార్టీల అండ ఉంది. ఇంకో సంగతి. 1974 మేలో దేశమంతా రైల్వే కార్మికులు సమ్మె చేశారు. వేల మందిని జైల్లో వేశారు. సమ్మెకు ముందున్నది గిరి గారు పెంచిన ఆ సమాఖ్యే. అప్పుడు ఆయనే రాష్ట్రపతి. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారం నడవాలి, నిజమే. అయినా 1954లో కుర్చీ దిగిన మనిషి 1974లో ఎందుకు దిగలేదని అడిగే హక్కు కార్మికులకు ఉంది.

ఆయన పదవీకాలం 1974 ఆగస్టు 24న ముగిసింది. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

మన దగ్గర

ఇప్పుడు ఇండిపెండెంటుగా రాష్ట్రపతికి నిలబడటం మస్తు కష్టం. 1974లో పది మంది ప్రతిపాదించాలి, పది మంది బలపరచాలి అని చట్టం చేశారు. 1997లో దాన్ని యాభై, యాభై చేశారు. డిపాజిట్ 15,000 రూపాయలు. 2012లో గారో తెగకు చెందిన పి.ఎ.సంగ్మా గారు గిరిజనుడు రాష్ట్రపతి కావాలని తన పార్టీ వదిలి పోటీ చేశారు. ఓడిపోయారు. పదేళ్లకు, 2022లో సంతాల్ తెగకు చెందిన ద్రౌపది ముర్ము గారు గెలిచారు.

అంత దూరం ఎందుకు, మన నిజామాబాద్ సంగతే చూడండి. 2019లో ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు రైతులు, ఎర్రజొన్న రైతులు రోడ్డు మీద కూర్చున్నారు. పసుపు బోర్డు కావాలి, క్వింటాలుకు 15,000 రూపాయల ధర కావాలి అని అడిగారు. ఎవ్వరూ వినలేదని లోక్ సభకు వాళ్లే నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. వారిలో 170 మందికి పైగా రైతులే. ఒక్కో బూతులో 12 ఓటు మిషన్లు వరుసగా పెట్టవలసి వచ్చింది. రైతు ఒక్కరూ గెలవలేదు. కానీ నిజామాబాద్ పసుపు గురించి దేశమంతా మాట్లాడింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ధర సంగతి బోర్డు పెట్టినంత మాత్రాన తీరదు. అది పెర్కిట్‌లో పసుపు కొమ్ములు అమ్ముకునే ఏ రైతును అడిగినా చెబుతాడు.

మిత్రులారా! లోక్ సభ ఎన్నికల్లో 2 అంకె వెయ్యడం ఉండదు. ఉన్నది ఒక్క ఓటే. అందుకే గెలిచేది ఎవరు అని మాత్రమే కాకుండా, మన మాట మాట్లాడేది ఎవరు అని కూడా చూసి వెయ్యాలి. మనకు 18 ఏళ్లు నిండేలోపు ఇది ఆలోచించి పెట్టుకుందాం.

జవాబు చెప్పండి చూద్దాం
1. గిరి గారు మంత్రి పదవి ఎందుకు వదిలారు?
2. పార్వతీపురంలో ఆయనకంటే ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరు ఎవరు?
3. 1969లో మొదటి లెక్కలో గిరి గారికి ఇంకా ఎంత తక్కువ పడింది? (లెక్క చేసి చెప్పండి)
4. 185 మంది అభ్యర్థులకు 12 మిషన్లు ఎందుకు కావలసి వచ్చాయి? (ఒక మిషన్‌లో 16 పేర్లు పడతాయి)

— 10వ తరగతి విద్యార్థి